వేరు గ్లాసు: ద్రాక్షారామం పేటల్లో హెచ్‌ఐవీ కుటుంబాలు

ఆంధ్ర పల్లెల్లో టీ కొట్ల దగ్గర రెండు గ్లాసుల పద్ధతి ఎట్లా నడిచేదో ఈ వ్యాసం చదివేవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. మాల మాదిగల గ్లాసు వేరుగా ఉండేది. తాగినవాడే కడిగి పెట్టాలి. దాని మీద ఊరూరా కొట్లాడాం, దెబ్బలు తిన్నాం, కేసులు పెట్టాం. ఇప్పుడు ద్రాక్షారామం చుట్టుపక్కల పేటల్లో తిరుగుతుంటే ఆ వేరు గ్లాసు మళ్లీ కనబడుతోంది, అదీ మన ఇళ్లల్లోనే. కోడలి గ్లాసు వేరు, కంచం వేరు, చాప వేరు. తాగినావిడే కడిగి బోర్లించాలి. "అదేం లేదండి, పిల్లలున్న ఇల్లు గదా, జాగ్రత్త" అంటుంది అత్త. ఆ కోడలికి హెచ్‌ఐవీ ఉంది.

ఈ జాగ్రత్త మనకి ఎక్కడ అబ్బింది? తెలుగులో "అంటు" అనే మాట ఒక్కటే, అది చేసే పనులు రెండు. మనల్ని అంటరానివాళ్లని చేసిందీ ఆ మాటే, అంటురోగంలో ఉన్నదీ ఆ మాటే. డాక్టరు అంటురోగం అంటే ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి పోయేదని అర్థం. పేటలో వినబడేది మాత్రం ముట్టుకుంటే వచ్చేదని. తొలిరోజుల ఎయిడ్స్ ప్రచారంలో పుర్రె బొమ్మలు వేసి "వస్తే చావే" అని బెదిరించారు గదా, ఆ భయమూ దీనికి తోడయింది.

అసలు సంగతి ఇది. హెచ్‌ఐవీ వచ్చే దారులు నాలుగు: కండోమ్ లేని సంభోగం, వైరస్ ఉన్న రక్తం ఎక్కించడం, ఒకరికి పొడిచిన సూది ఇంకొకరికి వాడటం, తల్లి నుంచి కడుపులోగానీ కాన్పులోగానీ పాలలోగానీ బిడ్డకి. గ్లాసు, కంచం, కాలవలో స్నానం, ఒకే దుప్పటి, దోమకాటు వీటిలో లేవు. మందు వాడని తల్లి నుంచి నూరుమంది బిడ్డల్లో 15 నుంచి 45 మందికి వచ్చే అవకాశం ఉంది. తల్లికి మందు, బిడ్డకి మందు సరిగ్గా పడితే అది 5 కంటే తగ్గుతుంది. మన దేశంలో ప్రభుత్వం ఉచితంగా మందు ఇవ్వడం 2004 ఏప్రిల్ 1న మొదలైంది. 2017 నుంచి రోగం తేలిన ప్రతివాళ్లకీ, ఒంట్లో బలం ఎంతున్నా, మందు మొదలుపెడుతున్నారు. రోజూ మానకుండా వాడి, రక్తపరీక్షకి వైరస్ దొరకనంతగా తగ్గిపోయినవాళ్ల నుంచి సంభోగం ద్వారా కూడా రాదు. ఈ చివరి మాట పేటల్లో చాలామందికి చేరలేదు. ఆస్పత్రి గోడల మీద కూడా మేము దాన్ని అరుదుగానే చూశాం.

ఇంట్లో నింద కోడలి మీదికే ఎందుకు పోతుందో కాస్త ఆగి చూడాలి. గర్భిణీకి ఆస్పత్రిలో రక్తపరీక్ష చేస్తారు. మొగుడికి ఎవరూ ముందుగా చెయ్యరు. కువైటుకో మస్కటుకో ఇంటిపనికి పోదామనుకున్న ఆడమనిషికి వీసా కోసం మెడికల్ తీస్తారు, అందులో హెచ్‌ఐవీ పరీక్ష ఉంటుంది. ఈ డెల్టా పేటల నుంచి గల్ఫ్‌కి పోయే దళిత స్త్రీలు ఎందరో మనకి తెలుసు. "అన్‌ఫిట్" అని కాగితం వచ్చిన రోజున ఏజెంటుకి కట్టిన అప్పు నెత్తిన పడుతుంది, రోగం పేరూ బయటపడుతుంది. ముందు తేలింది ఆమెకి కాబట్టి తెచ్చింది ఆమే అయిపోతుంది. పెళ్లి తప్ప ఇంకే దారీ ఎరగని ఆడవాళ్లకి ఇది మొగుడి నుంచే వచ్చిందని లెక్క కట్టేవాళ్లుండరు. మొగుడు పోతే అత్తవారిల్లు ఖాళీ చెయ్యమంటారు. పుట్టింట్లో వదిన ఒప్పుకోదు.

డబ్బున్నవాడికీ ఈ రోగం వస్తుంది. వాడు కాకినాడలోనో హైదరాబాదులోనో ప్రైవేటు డాక్టరుకి చూపించుకుని దాచుకోగలడు. ఒంటిగది ఇంట్లో, వీధి కుళాయి దగ్గర బతికేవాళ్లకి దాపరికం ఎక్కడిది? మందుల డబ్బా మీద కాగితం గోకేసి బియ్యం డబ్బాలో పెడతారు. దగ్గర ఆస్పత్రిలో ఎవరైనా చూస్తారని దూరం పోతారు, ఆ రోజు కూలి పోతుంది. సంగతి తెలిస్తే నాట్ల ముఠాలోకి పిలవరు. ఏఆర్‌టీ మందు వాడేవాళ్లకి ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి నెలకి 4,000 రూపాయల పింఛను ఉంది. జాబితాలో పేరు పడుతుందన్న భయంతో దాన్నీ వదులుకునేవాళ్లున్నారు.

ఈ ప్రాంతానికి వెలి కొత్త కాదు. పక్కనే రామచంద్రపురంలో నూరేళ్లకు పైగా కిందట కెనడా బాప్టిస్టు మిషనువాళ్లు కుష్ఠురోగులకి ఆశ్రమం పెట్టారు. కుష్ఠుకి మంచి మందు 1980లలోనే వచ్చింది. 1898 నాటి కుష్ఠురోగుల చట్టాన్ని రద్దు చెయ్యడానికి మాత్రం 2016 దాకా పట్టింది.

హెచ్‌ఐవీ విషయంలో చట్టం కొంత ముందే ఉంది. 2017లో చేసి 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లోకి తెచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టంలో మూడో సెక్షన్ చూడండి. దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు, శ్మశానాలు వాడుకోనివ్వకపోవడం నిషేధం. శ్మశానం ఒక్కటి పక్కన పెడితే ఈ జాబితా ఎక్కడిది? రాజ్యాంగం 15వ అధికరణం రెండో క్లాజులోది. 1947 మద్రాసు ఆలయ ప్రవేశ చట్టం వచ్చేదాకా భీమేశ్వరాలయంలోకి హక్కుగా అడుగు పెట్టలేనివాళ్ల కోసం రాసుకున్న మాటలవి. ఈ వివక్ష అంటరానితనమేనని చట్టం పోల్చుకుంది. మన దళిత సంఘాలు పోల్చుకోలేదు. ఎందుకంటే "పేటలవాళ్ల నడవడి అంతే" అని ఊళ్లోవాళ్లు అంటారేమోనని మన భయం. ఆ భయానికి బలయ్యేది మన ఆడవాళ్లే.

ఆ చట్టం రోగం ఉన్న మనిషినే గాక, వాళ్లతో కలిసి బతికే కుటుంబాన్నీ కాపాడుతుంది. 29వ సెక్షన్ ప్రకారం కోడల్ని ఉమ్మడిగా బతికిన ఇంట్లోంచి గెంటెయ్యకూడదు, ఆ ఇంట్లో వసతుల వాడకంలోనూ తేడా చూపకూడదు. అంటే గ్లాసు సంగతీ ఇందులోకి వస్తుంది. కోర్టుకి పోతే అసలు పేరు బయటపెట్టకుండా మారుపేరుతో కేసు నడపమని అడగొచ్చు, 34వ సెక్షన్. ఉద్యోగానికీ బడికీ వైద్యానికీ ముందు పరీక్ష చేయించుకు రమ్మనడం కూడా తప్పే. అయితే గల్ఫ్ వీసాలకి మన చట్టం పనిచెయ్యదు.

టీచర్లు గుర్తుపెట్టుకోవాల్సింది 32వ సెక్షన్. తల్లీతండ్రీ పోయిన ఇంట్లోగానీ, మంచం పట్టిన ఇంట్లోగానీ పన్నెండేళ్లు నిండిన అక్కకి ఇల్లు నడిపే తెలివి ఉంటే, తమ్ముడికి ఆమే సంరక్షకురాలు కావచ్చు. బడిలో చేర్చేటప్పుడు, ఆస్పత్రిలో చూపించేటప్పుడు, బ్యాంకు ఖాతా నడిపేటప్పుడు ఆమె సంతకం చెల్లుతుంది. అలాంటి పిల్ల తమ్ముడి చెయ్యి పట్టుకుని బడికొస్తే, "పెద్దవాళ్లని తీసుకురామ్మా" అని వెనక్కి పంపకండి.