గ్రహాలను తూచేదెలా?

మగ్రిబ్ నమాజు తర్వాత మా మదర్సా ఆవరణలో పిల్లలు ఆకాశం చూస్తూ నిలబడ్డారు. తూర్పున ఒక పెద్ద చుక్క మెరుస్తున్నది. దానిని అరబీలో ముష్తరీ అంటారని, తెలుగులో గురుగ్రహమని చెప్పాను. పన్నెండేళ్ల విద్యార్థి ఒకడు వెంటనే అడిగాడు: "హజ్రత్, ముష్తరీ అంతా గ్యాసే కదా! మన భూమి రాయి. మరి రెండింటిలో ఏది బరువు?"

నేను ఆలోచించకుండా, "రాయే కదా బేటా బరువు!" అన్నాను. పిల్లవాడు తృప్తిపడ్డాడు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. 'లా అద్రీ', అంటే 'నాకు తెలియదు' అనడం విద్యలో సగమని మా ఉస్తాదులు నేర్పారు. ఆ సగాన్ని నేను ఆ సాయంత్రం పోగొట్టుకున్నాను. గ్రంథాలు తెరిచి చూస్తే నేను చెప్పిన జవాబు పూర్తిగా తప్పని తేలింది.

సూర్యుని చుట్టూ తిరిగే 8 గ్రహాలలో బుధుడు, శుక్రుడు, భూమి, అంగారకుడు రాతి గ్రహాలు. గురుడు, శని వాయు మహాగ్రహాలు. యురేనస్, నెప్ట్యూన్‌లలో నీరు, అమోనియా, మీథేన్‌ల పాలు ఎక్కువ గనుక వాటిని మంచు మహాగ్రహాలని వేరుగా పిలుస్తారు. ఒక వస్తువులో ఉన్న పదార్థపు మొత్తాన్ని శాస్త్రం ద్రవ్యరాశి అంటుంది. వాడుకలో మనం దానినే బరువు అంటాము.

భూమి ద్రవ్యరాశిని 1గా తీసుకుందాం. అప్పుడు శుక్రుడు 0.815, అంగారకుడు 0.107, బుధుడు 0.055. నాలుగు రాతి గ్రహాలనూ ఒకే పళ్లెంలో వేసినా రెండు భూముల బరువుకు చాలదు. అటువైపు యురేనస్ 14.5, నెప్ట్యూన్ 17, శని 95, గురుడు ఏకంగా 318. మిగిలిన ఏడు గ్రహాలనూ కలిపి తూచినా గురుగ్రహం వాటికి రెండున్నర రెట్లు తూగుతుంది.

వాయువుకు ఇంత బరువు ఎక్కడిది? మన వంటగదిలోనే దీనికి ఆధారం ఉంది. నిండు సిలిండరునూ ఖాళీ సిలిండరునూ ఎత్తి చూడండి. ఆ తేడా 14.2 కిలోలు. అదంతా గ్యాసు బరువే. ఒత్తిడికి లోనై అది సిలిండరులో ద్రవంగా మారి ఉంటుంది. గురుగ్రహంలో ఎక్కువ భాగం హైడ్రోజన్, తర్వాత హీలియం. అక్కడ పైపొరల భారానికి లోపలి హైడ్రోజన్ నలిగి ద్రవమవుతుంది. ఇంకా లోతుకు పోతే లోహంలా విద్యుత్తును ప్రసరింపజేసే స్థితికి చేరుతుంది. గ్యాసు అనగానే మనకు తోచే తేలికదనం అక్కడ ఉండదు.

అయితే నా తప్పు జవాబులో ఒక చిన్న నిజం దాగి ఉంది. పిడికెడు పత్తి కంటే పిడికెడు ఇనుము బరువు. కాని లారీ నిండిన పత్తి ముందు ఐదు కిలోల ఇనుప గుండు ఎంత? గురుగ్రహం లోపల 1,300 భూములు పట్టేంత చోటు ఉన్నా దాని బరువు 318 భూములకే సమానం. భూమి సగటున నీటి కంటే ఐదున్నర రెట్లు సాంద్రమైనది. ఈ విషయంలో గ్రహాలన్నిటిలో భూమిదే మొదటి స్థానం. గురుని సాంద్రత నీటికి 1.33 రెట్లు మాత్రమే. అరబీలో జుహల్ అని పిలిచే శని సాంద్రత 0.69, అంటే నీటి కంటే తక్కువ. యురేనస్ కంటే నెప్ట్యూన్ కొంచెం చిన్నది, అయినా బరువు దానిదే ఎక్కువ. కంటికి కనిపించే పరిమాణం వేరు, ద్రవ్యరాశి వేరు.

ఈ భేదాన్ని వెయ్యేళ్ల క్రితమే శ్రద్ధగా కొలిచిన వారిలో అల్ బిరూనీ ఒకరు. లోహాలను, రత్నాలను నీటి పాత్రలో వేసి, పొర్లిన నీటిని తూచి, ఏది ఎంత సాంద్రమైనదో ఆయన నిర్ణయించారు. కాని గ్రహాన్ని ఏ పాత్రలో ముంచగలం? ఏ త్రాసులో వేయగలం?

ఇందుకు ఉపగ్రహాలే తూనికరాళ్లు. 1610లో గెలీలియో తన దూరదర్శినితో గురుని చుట్టూ నాలుగు చంద్రులను చూశాడు. గ్రహం ఎంత బరువైనదైతే తన చంద్రుణ్ణి అంత బలంగా లాగుతుంది, ఆ చంద్రుడు అంత వేగంగా తిరుగుతాడు. ఈ సూత్రంతో న్యూటన్ 1687లో గురు, శని గ్రహాల ద్రవ్యరాశిని సూర్యునితో పోల్చి లెక్కించాడు. 1798లో కావెండిష్ సీసపు గుండ్ల మధ్య ఆకర్షణను కొలవడంతో భూమి బరువూ తెలిసింది. అది సుమారు 6 పక్కన 24 సున్నాలు పెట్టినన్ని కిలోలు. బుధ, శుక్రులకు చంద్రులు లేరు. 1962లో మారినర్ 2 శుక్రుని పక్కగా, 1974లో మారినర్ 10 బుధుని పక్కగా సాగినప్పుడు ఆ నౌకల దారి ఎంత వంగిందో చూసి వాటి ద్రవ్యరాశిని సరిగ్గా నిర్ధారించారు.

మహాగ్రహాలకే ఇంత ద్రవ్యరాశి ఎందుకు దక్కింది? సౌరకుటుంబం రూపుదిద్దుకున్న మేఘంలో సుమారు 98 పాళ్లు హైడ్రోజన్, హీలియంలే. రాయి, ఇనుము అతి స్వల్పం. సూర్యునికి దగ్గరి వేడిలో మంచు నిలవలేదు గనుక అక్కడ ఆ స్వల్ప పదార్థంతోనే చిన్న గ్రహాలు ఏర్పడ్డాయి. దూరపు చలిలో మంచు కూడా కలిసి గర్భాలు పెద్దవయ్యాయి. గురుడు, శని భూమికి సుమారు పది రెట్లు పెరిగాక చుట్టూ ఉన్న వాయువును విస్తారంగా లాక్కున్నాయన్నది శాస్త్రజ్ఞులలో ఎక్కువ మంది అంగీకరించే వివరణ.

మరునాడు తరగతిలో మొదట నా తప్పు ఒప్పుకున్నాను. తర్వాత ఆ పిల్లవాణ్ణే నల్లబల్ల దగ్గరకు పిలిచాను. మన చంద్రుడు 3,84,400 కిలోమీటర్ల దూరంలో ఉండి 27.3 రోజులకు ఒక చుట్టు తిరుగుతాడు. గురుని చంద్రులలో ఒకటైన అయో 4,21,700 కిలోమీటర్ల దూరంలో ఉండి 1.77 రోజులకే చుట్టి వస్తుంది. కాలాల నిష్పత్తి 15.4, దాని వర్గం సుమారు 237. దూరాల నిష్పత్తి 1.1, దాని ఘనం సుమారు 1.33. రెండింటినీ హెచ్చించమన్నాను. సుద్దముక్కతో మెల్లగా వేసి "315" అన్నాడు. సూక్ష్మ గణనలో వచ్చేది 318 అని చెప్పగానే వాడి ముఖం వెలిగింది.

"అయితే హజ్రత్, నిన్న మీరు చెప్పింది..." అని ఆగిపోయాడు.

"తప్పు బేటా. ఇప్పుడు నువ్వే తూచి చూపావు" అన్నాను.

తల్లిదండ్రులారా! మీ పిల్లలు కూడా ఏదో ఒక సాయంత్రం ఇలాంటి ప్రశ్న అడుగుతారు. తెలియకపోతే తెలియదనండి. తర్వాత వారితో కలిసి వెతకండి. తొందరపడి చెప్పిన తప్పు జవాబును పిల్లలు మనపై గౌరవంతో ఏళ్ల తరబడి నిజమని మోస్తారు.