నూలు అందనిదే మగ్గము నడవదు
కృత్రిమ మేధ చిప్పులలో పనుల ఏర్పాటు

ఈ మధ్య కంప్యూటర్లు అమ్మువారు "ఇందులో ఎన్.పి.యు. కలదు, 40 టాప్సు" అని ఒక సంఖ్యను గట్టిగా చెప్పుచున్నారు. ఎన్.పి.యు. అనగా న్యూరల్ ప్రాసెసింగ్ యూనిట్. బొమ్మను గుర్తించుట, మాటను వ్రాతగా మార్చుట మొదలగు పనులకై ప్రత్యేకముగా చేసిన చిప్పు ఇది. ఒక టాప్ అనగా సెకనుకు లక్ష కోట్ల లెక్కలు. 2024లో మైక్రోసాఫ్టు కంపెనీ కోపైలట్ ప్లస్ అను పేరుగల కంప్యూటర్లకు కనీసము 40 టాప్సు ఉండవలెనని నియమము పెట్టినది. డిజైను పనికి కంప్యూటరు కొనదలచిన సంఘములు ఈ సంఖ్యను చూచి సభ్యుల పైకము ఖర్చు పెట్టుటకు ముందు, లోపల పని ఎట్లు నడచునో తెలిసికొనుట మంచిది. షోలాపురములోనైనను, సేలములోనైనను, బరంపురములోనైనను మగ్గము తెలిసినవారికి ఇది కష్టమైన విషయము కాదు.

పడుగు, పేక

1978లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున కుంగ్, లీసర్‌సన్ అను ఇరువురు ఒక పద్ధతిని చూపిరి. చిన్న చిన్న లెక్కల గదులను వరుసలుగా పేర్చి, ఒక గది నుండి ప్రక్క గదికి అంకెలు చేతులు మారునట్లు చేయుటయే ఆ పద్ధతి. గూగుల్ కంపెనీ 2015 నుండి తన కేంద్రములలో వాడిన టి.పి.యు. చిప్పు దీనిపై కట్టినదే. అందులో 256 అడ్డువరుసలు, 256 నిలువువరుసలు, మొత్తము 65,536 గదులు కలవు. యంత్రము నేర్చిన అంకెలు పడుగువలె గదులలో నిలిచియుండును. కొత్తగా వచ్చు సమాచారము పేకవలె వాని మీదుగా సాగును. అన్ని గదులు ఎడతెగక పని చేసినచో సెకనుకు 92 లక్షల కోట్ల లెక్కలు జరుగును.

ఎడతెగక పని చేసినచో అన్న మాటలోనే చిక్కంతయు ఉన్నది. 2017లో ఆ కంపెనీవారే ప్రకటించిన లెక్కలు చూడుడు. బొమ్మలు గుర్తించుటకు సాధారణముగా వాడు సి.ఎన్.ఎన్. రకపు పని ఒకదానిలో 86 లక్షల కోట్లు వచ్చెను. వరుసగా వచ్చు సమాచారమును చూచు ఎల్.ఎస్.టి.ఎం. రకపు పని ఒకదానిలో అదే చిప్పుపై వచ్చినది 2.8 లక్షల కోట్లు మాత్రమే.

కారణము మనకు కొత్తది కాదు. గదులు వేగముగానే ఉన్నవి, నూలు అందలేదు. నేర్చిన అంకెలు చిప్పు వెలుపలి గిడ్డంగి నుండి రావలెను. ఆ దారిలో సెకనుకు 34 గిగాబైట్లే నడచును. కావున తెచ్చిన ప్రతి బైటును సుమారు 1,350 మారులు వాడుకొనిననే గదులన్నియు నిండుగా పని చేయును. ఒకే పడుగుపై చాల చీరలు నేసిన లాభము. చీర చీరకు పడుగు మార్చి పోగులు అతికించుచు కూర్చున్న ఆ పూట కూలి పోవును.

మూడు ఉపాయములు

మొదటిది, ముందుగా సిద్ధపరచుట. మగ్గముపై ఒక కండె నడచుచుండగా ఇంటిలో మరియొక కండె చుట్టుదురు. చిప్పులోను అంతే. ఒక దఫా అంకెలపై లెక్క సాగుచుండగనే తరువాతి దఫా ప్రక్కన నింపబడును. అట్లు నింపుటకు పట్టు 256 అదనులు వృథా కావు.

రెండవది, ఒకే రకపు పనులను గుంపుగా చేయుట. వందలాది ప్రశ్నలను కలిపి ఒకే పడుగుపై నడిపినచో ఖర్చు తగ్గును. కాని అడిగినవాడు ఎంతసేపు కాచుకొనును? పై చిప్పుపై ఒక పనికి సెకనులో వెయ్యవవంతులు 7 దాటరాదని హద్దు ఉండెను. పండుగ ఆర్డరును ఇతర ఆర్డర్లతో కలుపుటకై పండుగ దాటనీయరాదు గదా.

మూడవది, వెడల్పుకు తగినట్లు ముక్కలు చేయుట. 600 వెడల్పుగల పనిని 256 వరుసల చిప్పుపై మూడు ముక్కలుగా నడపవలెను. మూడవ ముక్కలో నిండునది 88 వరుసలే, మిగిలినవి ఖాళీ. వెడల్పు పన్నెపై తువ్వాలు నేసినట్లే.

కొనువారు అడుగవలసినవి

టాప్సు సంఖ్య మగ్గము వేగమును చెప్పునే గాని రోజుకు వచ్చు గుడ్డను చెప్పదు. కావున మన డిజైను ప్రోగ్రాము ఆ ఎన్.పి.యు.ను వాడుకొనునట్లు వ్రాయబడినదా, మెమరీ ఎంత, దాని వేగమెంత అని అడుగవలెను. ప్రోగ్రాము వాడుకొననిచో ఆ చిప్పు మూలనున్న మగ్గము వంటిదే. మన జాకార్డు డిజైనునే అంగడిలో నడిపించి, కాలము చూచి, అటుపిమ్మట డబ్బు చెల్లించుడు.

సంఘములకు మరియొక మాట. అన్ని వేల గదులున్న చిప్పునకైనను నూలు అందించు ఏర్పాటు లేనిదే పని సాగలేదు. గుడ్డ తక్కువ వచ్చిన నెలలో నేతగాని చేయి నెమ్మదియని తీర్మానించుటకు ముందు, నూలు ఏ తేదీన ఇచ్చితిమి, పడుగు ఎన్ని దినములు ఆలస్యమైనది, మగ్గము ఎన్ని పూటలు ఖాళీగా నిలిచినది అని సంఘపు పుస్తకములో చూడవలెను. గజము లెక్కను కూలి తీసికొను కుటుంబమునకు నిలిచిన మగ్గము ఖర్చు సంఘము ఖాతాలో కనబడదు. అది వారి పొయ్యి దగ్గర కనబడును. మగ్గము నిలిచిన పూటలను వ్రాయుటకు ప్రతి సంఘము ఒక పట్టీ పెట్టవలెనని కోరుచున్నాము.