బీఎడ్ సోషల్ చేయాలా? రెండేళ్లలో ఏం నేర్పిస్తరు, తర్వాత ఏముంటది?

సిద్దిపేట, దుబ్బాక, హుస్నాబాద్ వైపు నుంచి మెసేజ్‌లు పెట్టేవాళ్లలో చాలామంది బీఏ అయిపోయినవాళ్లే. అందరిదీ దాదాపు ఒకటే ప్రశ్న. "అన్నా, బీఎడ్ సోషల్ చేస్తే లాభం ఉంటదా?" దాని వెనకాలే ఇంకోటి. "కాలేజీకి రాకున్నా పర్లేదు, అటెండెన్స్ మేం చూసుకుంటం అంటున్నరు. చేరాలా?" ఈ రెండింటికీ ఇవాళ జవాబు చెప్పుకుందాం. నేను బీటెక్ చదివి సాఫ్ట్‌వేర్‌లో పనిచేసి వచ్చినవాణ్ని కాబట్టి కొంచెం లెక్కలతో మాట్లాడతా, ఏమనుకోకండి.

ముందు ఎంట్రెన్స్. ఎడ్‌సెట్‌లో 150 ప్రశ్నలు, 150 మార్కులు, టైమ్ రెండు గంటలు. మ్యాథ్స్ 20, సైన్స్ 20, సోషల్ 20, టీచింగ్ ఆప్టిట్యూడ్ 20, ఇంగ్లిష్ 20, జనరల్ నాలెడ్జ్, విద్యా అంశాలు కలిపి 30, కంప్యూటర్ 20. అంటే సోషల్ తీసుకునేవాళ్లు కూడా లెక్కలు, సైన్స్ చేయాల్సిందే. బీటెక్ వాళ్లు మామూలుగా మ్యాథ్స్ లేదా ఫిజికల్ సైన్స్ వైపు పోతరు. సోషల్‌కి ఏ డిగ్రీ చెల్లుతదో ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకున్నాకే ఫీజు కట్టండి.

ఇక కోర్సు. ఒకప్పుడు బీఎడ్ ఒక్క ఏడాదే. ఎన్‌సీటీఈ 2014లో నిబంధనలు మార్చింది, 2015 నుంచి రెండేళ్లయింది. నాలుగు సెమిస్టర్లు. అందులో మొత్తం 20 వారాలు బడిలో ఉండాలి: మొదటి ఏడాది 4, రెండో ఏడాది 16. కోర్సుకి గుండెకాయ ఇదే.

బడికి పోకముందు మైక్రో టీచింగ్ ఉంటది. 1960లలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో మొదలైన పద్ధతి. మన ఎన్‌సీఈఆర్‌టీ దాన్ని 36 నిమిషాల చక్రంగా మార్చింది. 6 నిమిషాలు పాఠం చెప్పాలి, 6 నిమిషాలు తప్పొప్పులు వినాలి, 12 నిమిషాలు మళ్లీ ప్లాన్ చేసుకోవాలి, 6 నిమిషాలు మళ్లీ చెప్పాలి, 6 నిమిషాలు మళ్లీ వినాలి. ఒక్కసారికి ఒక్క నైపుణ్యమే. ప్రశ్న అడగడం ఒకరోజు, బోర్డు వాడడం ఇంకోరోజు. సాఫ్ట్‌వేర్‌లో కోడ్ రివ్యూ అంటం చూడండి, అచ్చం అదే. కస్టమర్ దగ్గరికి పోకముందే తప్పు దొరకాలి. ఇక్కడ కస్టమర్ పన్నెండేళ్ల పిల్లగాడు, అంతే తేడా.

"సోషల్‌లో నేర్పడానికి ఏముందన్నా, చదివి చెప్పుడేగా" అంటరు. సరే, మన జిల్లా ఉదాహరణే తీసుకుందాం. మల్లన్నసాగర్. సామర్థ్యం 50 టీఎంసీలు. ఒక టీఎంసీ అంటే 100 కోట్ల ఘనపుటడుగులు, దాదాపు 2,830 కోట్ల లీటర్లు. గోదావరి నీళ్లు ఇంత ఎత్తుకు ఎట్లా వచ్చినయ్ అంటే అది జాగ్రఫీ. నీళ్లొచ్చాక ఏ పంట, ఎంత రాబడి అంటే ఎకనామిక్స్. భూసేకరణ చట్టం 2013, పరిహారం, పునరావాసం అంటే సివిక్స్. మునిగిపోయిన వేములఘాట్, ఏటిగడ్డ కిష్టాపూర్ లాంటి ఊళ్ల కథ చెప్తే చరిత్ర. ఒక్క చెరువుకట్ట మీద నాలుగు సబ్జెక్టులూ నిలబడి ఉన్నయ్.

ఇప్పుడు అసలు కష్టం. ఒకే బెంచీ మీద ఇద్దరు పిల్లలున్నరు అనుకోండి. ఒకరి పొలానికి నీళ్లొచ్చినయ్. ఇంకొకరి ఊరే నీళ్ల కిందికి పోయింది, ఇప్పుడు గజ్వేల్ దగ్గర పునరావాస కాలనీలో ఉంటున్నరు. "ప్రాజెక్టు వల్ల లాభాలు రాయండి" అని మీరు బోర్డు మీద రాస్తే రెండో పిల్లకి ఏమనిపిస్తది? ఇద్దరూ మాట్లాడాలి, ఇద్దరూ వినాలి, ఎవరూ చిన్నబోవద్దు. గైడు బట్టీ పడితే ఇది రాదు. ఇంటర్న్‌షిప్‌లో పిల్లల ముందు నిలబడితేనే వస్తది.

ఇంకో ఉదాహరణ వీరభైరాన్‌పల్లి. 1948 ఆగస్టు 27న అక్కడ రజాకార్లు చేసిన హత్యాకాండ గురించి మనం వినే ఉంటం. ఊళ్లో బురుజు ఇప్పటికీ ఉంది. చనిపోయినవాళ్ల సంఖ్య మాత్రం ఒక్కో చోట ఒక్కో రకంగా కనిపిస్తది. మంచి టీచర్ ఒక సంఖ్య రాయించి ఊరుకోడు. ఎందుకు తేడా వచ్చింది, ఎవరు ఎప్పుడు రాసిన్రు అని పిల్లలతోనే అడిగిస్తడు. వాట్సాప్ ఫార్వర్డ్‌ని అనుమానించడం కూడా పిల్లలు అక్కడే నేర్చుకుంటరు.

ఇప్పుడు ఉద్యోగం సంగతి, దాచకుండా చెప్తా. టెట్ పేపర్-2లో 150 మార్కులు, అందులో సోషల్ 60. డీఎస్సీలో టెట్‌కి 20 మార్కుల వెయిటేజీ, రాతపరీక్ష 80. లెక్క చూడండి. టెట్‌లో 90 వస్తే 12 కలుస్తయ్, 120 వస్తే 16. తేడా 4 మార్కులు. డీఎస్సీలో ఒక్కో ప్రశ్నకి అర మార్కే, అంటే 8 ప్రశ్నలంత ఆధిక్యం ముందే మీ చేతిలో ఉన్నట్టు. స్కూల్ అసిస్టెంట్ పేపర్లో బోధనా పద్ధతుల నుంచే 16 మార్కులుంటయ్. క్లాసుకి పోని మనిషికి ఆ 16 మార్కులూ బట్టీ పట్టాల్సిన బరువే.

రెండో వైపు కూడా చూడాలి. తెలంగాణలో 2017 తర్వాత మళ్లీ పెద్ద నోటిఫికేషన్ 2024లోనే వచ్చింది. మొత్తం 11,062 పోస్టులు, స్కూల్ అసిస్టెంట్లు అన్ని సబ్జెక్టులకీ కలిపి 2,629. బీఎడ్‌తో ఎస్‌జీటీ కొట్టొచ్చు అనుకోవద్దు, ప్రాథమిక తరగతులకి బీఎడ్ చెల్లదని 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు చెప్పింది. గురుకులాలు, ప్రైవేట్ బడులు ఉన్నయ్ కానీ ఎదురుచూపు మాత్రం తప్పదు. ఇంట్లోవాళ్లకి కూడా ఈ మాట ముందే చెప్పి ఉంచండి.

కాబట్టి నా మాట ఇది. పిల్లల మధ్య ఉండడం ఇష్టమైతే, రెండు మూడేళ్లు ఎదురుచూసే ఏర్పాటు ఉంటే చేరండి. గవర్నమెంట్ ఉద్యోగం కోసమే అయితే ఒక్క డీఎస్సీనే నమ్ముకోకండి, వేరే పరీక్షలు కూడా రాస్తూ ఉండండి. చేరితే మాత్రం కాలేజీకి పోండి. అటెండెన్స్ కొనుక్కుంటే సర్టిఫికెట్ మీ చేతికొస్తది, ఆ 20 వారాలు మాత్రం రావు. వాటి లోటు మీ ముందు కూర్చునే పిల్లలు మోయాల్సి వస్తది.

మీ ఊరి నుంచి సోషల్ పాఠం ఒకటి చెప్పమంటే దేని గురించి చెప్తరు? చేర్యాల నకాషీ బొమ్మలా, గొల్లభామ చీరలా, మీ ఊరి చెరువా? కామెంట్‌లో రాయండి, చదువుతా. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.