ముప్పాతిక గంట దూరం

ఏ ఊరికైనా దూరమెంత అని అడిగితే మనవాళ్ళు మైళ్ళు చెప్పరు, బస్సులో ఎంతసేపో చెబుతారు. ఊత్తుకోట నుంచి తిరువళ్ళూరికైనా చెన్నపట్నానికైనా మన లెక్క ఇదే. సముద్రం నడుమ దీవులకు వలసపోయిన తెలుగువారి సంతతికి ఈ లెక్క ఎలా వుంటుందో చూద్దాము.

హిందూ మహాసముద్రంలో మారిషస్, రియూనియన్ అని ఇరుగుపొరుగు దీవులున్నవి. మారిషస్ విమానాశ్రయం ప్లెజాన్స్ దగ్గర, దీవికి ఆగ్నేయాన వున్నది. రియూనియన్ విమానాశ్రయం ఉత్తరపు కొసన, సేన్ డెనీ పట్టణం దగ్గర వున్నది. 1913లో మధ్యధరా సముద్రాన్ని విమానంలో దాటిన రోలా గారోస్ ఆ పట్టణంలోనే పుట్టాడు. విమానాశ్రయానికి ఆయన పేరే పెట్టారు.

ఈ రెంటి నడుమ ఆకాశమార్గాన సుమారు 230 కిలోమీటర్లు. ప్రయాణం ముప్పాతిక గంట. గంటకు 500 కిలోమీటర్లు పోయే పంకాల విమానానికి అరగంట చాలదా అని లెక్కలు వచ్చిన పిల్లవాడు అడుగవచ్చు. చాలదు. విమానం ఇక్కడ కదిలింది మొదలు అక్కడ నిలిచేదాకా పట్టిన కాలమంతా ప్రయాణకాలమే. నేలమీద పరుగు, పైకెక్కడం, వేగం తగ్గించి దిగడం, వీటి కాలం దూరం తక్కువైనంత మాత్రాన తగ్గదు. పైగా అక్కడ ఆగ్నేయపు గాలి జాస్తి. రియూనియన్ పోయేటప్పుడు వెనుకనుంచి తోస్తుంది, మరలి వచ్చేటప్పుడు ఎదురవుతుంది.

రియూనియన్ 1946 నుంచి ఫ్రాన్సు దేశపు జిల్లా. మారిషస్ 1968లో స్వతంత్రమైనది. కనుక ఆ ముప్పాతిక గంటకు పాస్‌పోర్టు, తనిఖీలు, ముందుగా పోయి కాచుకోవడం కలుపుకోవాలి. మారిషస్‌కు తూర్పున వున్న రోడ్రిగ్స్ దీవి సుమారు 600 కిలోమీటర్లు, గంటన్నర ప్రయాణం. అయినా అది మారిషస్ దేశంలోనిదే. దూరపు దీవి స్వదేశం, దగ్గరి దీవి పరదేశం!

తెలుగు సంగతీ ఇలాగే వున్నది. 1828లోనే యానాం నుంచి తెలుగు కూలీలను రియూనియన్‌కు తీసుకుపోయారు. అక్కడ దక్షిణాదివారందరినీ కలిపి మలబారులన్నారు. బడిలో ఫ్రెంచి, వీధిలో క్రియోలు. గుళ్ళు, ఇంటిపేర్లు మిగిలినవి గాని తెలుగు ఇంటిభాషగా నిలువలేదు. మారిషస్‌లో మనవారిని కోరంగి రేవు పేరున కోరంగివారన్నారు. అక్కడా ఇళ్ళలో క్రియోలే ఎక్కువ. అయినా సంఘాలు కట్టుకున్నారు, బడుల్లో తెలుగు పెట్టించుకున్నారు. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు జరిగినది ఆ దీవిలోనే.

రెండు దీవులూ ఆంధ్రదేశానికి ఒకటే దూరమనుకోవచ్చు. తేడా తెచ్చినవి సంఘమూ, బడీ.

1960 ఏప్రిల్ 1న సరిహద్దు మారినప్పుడు సత్యవేడు ఆంధ్రకు పోయింది, తిరుత్తణి ఇటు వచ్చింది, మనము ఇటే వున్నాము. సత్యవేడుకు బస్సులో గంటైనా పట్టదు, పాస్‌పోర్టు అడిగేవారు లేరు. అంత దగ్గర వున్నంత మాత్రాన మన పిల్లలకు అక్షరాలు వాటంతటవే రావు. సాయంత్రం ఒక్క ముప్పాతిక గంట మన పిల్లలను కూర్చోబెట్టి చదివించడం మన చేతిలోని పని.