పేర్లు రెండు... ఫైలు ఒక్కటే!

ఇంట్లో బుజ్జిగాడు, బడి హాజరుపట్టీలో వెంకటేశ్వరరావు. పేర్లు రెండైనా పిల్లాడు ఒక్కడే! కంప్యూటర్లో ఫైళ్లకూ ఇలా రెండేసి పేర్లుండొచ్చు. వాటినే 'హార్డ్‌లింకు'లంటారు. ఆ సంగతి తెలియకుండా పేరు మార్చబోతేనే తమాషా... ఒక్కోసారి తంటా!

అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీలు 1969లో యూనిక్స్‌కి శ్రీకారం చుట్టారు. అందులో ఫైలు వేరు, పేరు వేరు. ఫైలు వివరాలన్నీ 'ఐనోడ్' అనేచోట ఉంటాయి. దానికో నంబరుంటుంది. ఫోల్డర్లో ఉండేది పేరూ, పక్కన ఆ నంబరూ... అంతే. ఒకే నంబరుకి రెండు పేర్లు రాస్తే అదే హార్డ్‌లింకు. ఇందులో ఇది అసలు, అది నకలు అన్న తేడా లేదు. ఒక పేరు తీసేసినా రెండోదానితో ఫైలు భద్రంగా ఉంటుంది. లినక్స్, మ్యాక్‌లదీ ఇదే పద్ధతి. విండోస్‌లోనూ ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్కుల్లో ఈ సౌకర్యం ఉంది.

మార్చినా మారదు!
మామూలుగా ఒక ఫైలుకి అప్పటికే ఉన్న మరో ఫైలు పేరు పెడితే, ఆ రెండోది పోయి మొదటిది దాని స్థానంలోకి వస్తుంది. మరి ఆ రెండు పేర్లూ ఒకే ఫైలువైతే? యూనిక్స్ తరహా వ్యవస్థలకు ప్రమాణమైన 'పోసిక్స్' ప్రకారం కంప్యూటర్ ఏమీ చేయకూడదు. పైగా 'పని పూర్తయింది' అని చెప్పాలి! దాంతో రెండు పేర్లూ అలాగే ఉండిపోతాయి. నెట్‌బీఎస్‌డీ మాత్రం పాత పేరును తీసేస్తుంది. లినక్స్ వాడుకరులకు అలవాటైన గ్నూ 'ఎంవీ' కమాండూ అంతే. అందుకే ఒకచోట సరిగ్గా నడిచిన ప్రోగ్రాము ఇంకోచోట వింత ఫలితమిస్తుంది.

అసలు చిక్కు ఇదీ...
ఇంటి ఖర్చుల ఫైలుకి రెండు పేర్లున్నాయనుకుందాం. కొన్ని ప్రోగ్రాములు సేవ్ చేసేటప్పుడు కొత్త ఫైలు రాసి, దానికి పాత పేరు పెడతాయి. అంతటితో లింకు తెగిపోతుంది. ఒక పేరుతో తెరిస్తే కొత్త లెక్క, రెండోదానితో తెరిస్తే పాత లెక్క! ఇంకొన్ని ఉన్నచోటే దిద్దుతాయి. అప్పుడు రెండుచోట్లా మారుతుంది. అంటే, ఇలాంటి ప్రోగ్రాముతో పెళ్లి ఫొటోను ఒక పేరుతో తెరిచి పాడుచేస్తే రెండో పేరుతోనూ పాడైన ఫొటోయే కనిపిస్తుంది.

అలాగని హార్డ్‌లింకులు దండగేం కాదు. 2007లో యాపిల్ తెచ్చిన 'టైమ్ మెషీన్' మారని ఫైళ్లను మళ్లీ కాపీ చేయకుండా, బ్యాకప్ డిస్కులో లింకులు మాత్రమే పెట్టి చోటు మిగిల్చింది. కానీ అక్కడ మొదటి కాపీ వేరే డిస్కులో ఉంటుంది. ఒకే డిస్కులో ఎన్ని పేర్లు పెట్టుకున్నా, డిస్కు పాడైతే అన్నీ పోయినట్టే.

లినక్స్‌లో 'ఎల్‌ఎస్ -ఎల్ఐ' అని కొడితే ఐనోడ్ నంబరూ, ఆ ఫైలుకి ఎన్ని పేర్లున్నాయో తెలుస్తాయి. విండోస్‌లో 'ఎఫ్‌ఎస్‌యుటిల్ హార్డ్‌లింక్ లిస్ట్' అని కొట్టి ఫైలు పేరు ఇస్తే చాలు. ముఖ్యమైన ఫొటోలూ పత్రాలనైతే వేరే డిస్కులోకి కాపీ చేసుకోవడమే మేలు. మారుపేరు కాదు... మరో ప్రతి ఉండాలి!