కోర్సు ఫ్రీనే.. మరి మన డేటా?

రాజాంలో సెమిస్టర్ మొదలైందంటే నెట్ సెంటర్లకు గిరాకీ. స్వయం రిజిస్ట్రేషన్, ఏబీసీ ఐడీ, స్కాలర్‌షిప్ అప్లికేషన్.. అన్నీ అక్కడే. సంతకవిటి, వంగర, రేగిడి వైపు నుంచి బస్సులో వచ్చిన కుర్రాడు ఆధార్ జిరాక్స్ ఇచ్చి, ఓటీపీ చెప్పి, పని అయిపోయిందని బయటపడతాడు. ఈలోగా అతని వివరాలు ఎన్ని చోట్లకు చేరాయో అతనికి తెలీదు. చెప్పేవాళ్లూ లేరు.

ఆన్‌లైన్ చదువు ఇప్పుడు అదనపు సరదా కాదు. యూజీసీ 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం దాకా స్వయం ద్వారా పూర్తి చేయొచ్చు. ఆ క్రెడిట్లు అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో జమవుతాయి. ఐఐటీ ప్రొఫెసర్ పాఠం రాజాంలో కూర్చుని వినడమంటే మాటలా? దాని విలువ నేను తక్కువ చేయను. కానీ పాఠం అందరిదీ కావచ్చు, మన వివరాలు అందరివీ కాకూడదు కదా.

మన రాష్ట్రంలోనే జరిగిన సంగతి చూడండి. 2024 ఫిబ్రవరిలో ఏపీ ప్రభుత్వం ఎడెక్స్‌తో ఒప్పందం చేసుకుంది. రెండు వేలకు పైగా కోర్సులు మన విద్యార్థులకు ఉచితం అన్నారు. 2012లో హార్వర్డ్, ఎంఐటీ లాభాపేక్ష లేకుండా మొదలుపెట్టిన ఎడెక్స్‌ను 2021లో టూయూ అనే కంపెనీ 80 కోట్ల డాలర్లకు కొనేసింది. మన ఒప్పందం జరిగిన ఐదు నెలలకే, 2024 జులైలో, ఆ టూయూ అమెరికాలో దివాలా పిటిషన్ వేసింది! అప్పులు తగ్గించుకుని మళ్లీ నిలబడింది, అది వేరే విషయం. యజమాని మారితే విద్యార్థుల డేటా సంగతేంటని సంతకం పెట్టే రోజే అడగాలి. తమాషా ఏంటంటే, ఎడెక్స్ వెనకున్న సాఫ్ట్‌వేర్ ఓపెన్ ఎడెక్స్ ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. మూడుల్ కూడా అంతే. యూనివర్సిటీలు వీటిని సొంత సర్వర్‌లో పెట్టుకుంటే డేటా బయటికి పోవాల్సిన పనే ఉండదు.

సొంతమైతే చాలా? చాలదు. స్కూళ్ల కోసం కేంద్రం నడిపే దీక్షా యాప్‌లో లక్షల మంది టీచర్లు, విద్యార్థుల వివరాలు రక్షణ లేని క్లౌడ్ సర్వర్‌లో ఉండిపోయాయని 2023 జనవరిలో బయటపడింది. అంతదాకా ఎందుకు, నేను చదివిన కాలేజీలో లాగిన్ ఐడీ హాల్ టికెట్ నంబరే, పాస్‌వర్డ్ కూడా అదే. పక్కోడి ఇంటర్నల్ మార్కులు చూడాలంటే చివరి రెండు అంకెలు మారిస్తే సరిపోయేది.

2023 డీపీడీపీ చట్టం ప్రకారం అనుమతి స్వేచ్ఛగా ఇచ్చినదై ఉండాలి. నోటీసును తెలుగులో చదివే వీలు ఇవ్వాలి. దీని రూల్స్ 2025 నవంబర్‌లో వచ్చాయి కానీ, ముఖ్యమైన బాధ్యతలు అమలయ్యేది 18 నెలల తర్వాతే. నా అభ్యంతరం ఇంకోటి. క్రెడిట్ కావాలంటే ‘ఐ అగ్రీ’ నొక్కి తీరాలి. నొక్కకపోతే సర్టిఫికెట్ లేదు. దీన్ని స్వేచ్ఛ అంటామా? అమెరికాలో క్లీవ్‌లాండ్ స్టేట్ అనే ప్రభుత్వ యూనివర్సిటీ ఆన్‌లైన్ పరీక్షకు ముందు వెబ్‌క్యామ్‌తో గదంతా చూపించమంది. ఒక విద్యార్థి కోర్టుకెళ్లాడు. అది రాజ్యాంగ విరుద్ధమైన సోదా అని 2022 ఆగస్టులో తీర్పొచ్చింది. గోప్యత ప్రాథమిక హక్కేనని మన సుప్రీంకోర్టు 2017లోనే చెప్పింది కాబట్టి, ఇక్కడా ఎవరో ఒకరు అడగొచ్చు.

అప్పటిదాకా మన పని మనం చేసుకుందాం. ఏబీసీ ఐడీకి నెట్ సెంటర్ అక్కర్లేదు, డిజీలాకర్ యాప్‌లో ఫోన్‌లోనే వస్తుంది. తప్పక వెళ్లాల్సి వస్తే జీమెయిల్ రికవరీకి మీ నంబరే ఇవ్వండి, షాపాయన నంబర్ కాదు. నంబర్ ఆయనదైతే రేపు హాల్ టికెట్ డౌన్‌లోడ్‌కి కూడా ఆయన్నే బతిమాలాలి. ఆధార్ అడిగిన చోట, ఒప్పుకుంటే, చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ కాపీ ఇవ్వండి. లేచే ముందు లాగౌట్ అయ్యి, డౌన్‌లోడ్స్‌లో, డెస్క్‌టాప్ మీద మీ పీడీఎఫ్‌లు డిలీట్ చేయించండి. రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయమనండి, మొహమాటపడొద్దు.