మీటింగ్‌లో ఓటు లేని ఆ ఒక్కరు

2021 ఫిబ్రవరిలో ఒక జూమ్ మీటింగ్ వీడియో వైరల్ అయింది, మీలో కొందరు చూసే ఉంటారు. ఇంగ్లండ్‌లో చెషైర్ ప్రాంతంలో హ్యాండ్‌ఫోర్త్ అనే ఊరి పారిష్ కౌన్సిల్ మీటింగ్ అది. పారిష్ కౌన్సిల్ అంటే కొంచెం మన గ్రామ పంచాయతీ లాంటిది. మీటింగ్ నడపడానికి సాయంగా వచ్చిన జాకీ వీవర్ అనే ఆవిడ మీద చైర్మన్ అరిచారు, నీకిక్కడ ఏ అధికారమూ లేదని. ఆవిడ తాపీగా ఆయన్నే మీటింగ్‌లోంచి తీసేశారు. ఇంకేముంది, మీమ్సే మీమ్స్.

నవ్వడం అయ్యాక నాకు ఒక డౌట్ మిగిలిపోయింది. ఇంతకీ ఆవిడకి ఆ అధికారం ఉందా, లేదా? తర్వాత జరిగిన విచారణ ఏం తేల్చిందంటే, ఆ పరిస్థితిలో ఆవిడ ఎందుకలా చేశారో అర్థం చేసుకోవచ్చు గానీ, రూల్ ప్రకారం మనిషిని తీసేసే పద్ధతి అది కాదు అని. అంటే చైర్మన్ అరుపులో కూడా ఒక పాయింట్ ఉంది! మరి మీటింగ్ మధ్యలో, అందరూ అరుస్తున్నప్పుడు, రూల్ ఏంటో ఎవరు చెప్పాలి? ఆ మనిషికి ఏం తెలిసి ఉండాలి? ఇది వెతుకుతూ వెళ్తే నాకు ఒక ఉద్యోగం గురించి తెలిసింది. ఈ వ్యాసం దాని గురించే.

ఇంగ్లండ్‌లో పెద్ద కౌన్సిళ్లలో డెమొక్రటిక్ సర్వీసెస్ అని ఒక విభాగం ఉంటుంది. చిన్న పారిష్ కౌన్సిల్‌లో అదే పని క్లర్క్ చూసుకుంటారు. క్లర్క్ అనగానే మనకి ఫైళ్లు మోసే గుమాస్తా గుర్తొస్తాడు, కానీ అక్కడ క్లర్క్ అంటే కౌన్సిల్‌కి ముఖ్య అధికారి. చిన్న ఊళ్లలో చాలాసార్లు కౌన్సిల్‌కి ఉన్న ఒకే ఒక్క ఉద్యోగి కూడా.

వీళ్ల పని బయటికి చాలా బోరింగ్‌గా కనిపిస్తుంది: ఎజెండా పంపడం, మినిట్స్ రాయడం. లోపలికి వెళ్తే అలా ఉండదు. పెద్ద కౌన్సిల్ మీటింగ్‌కి ఎజెండా 5 పూర్తి రోజుల ముందు ప్రజలకి అందుబాటులో ఉండాలి. బయటపెట్టిన రోజు, మీటింగ్ రోజు లెక్కలోకి రావు, శని ఆదివారాలూ రావు. అంటే గురువారం మీటింగ్ అయితే, ముందు వారం బుధవారానికల్లా ఎజెండా బయటికి రావాలి. ఎజెండాలో లేని విషయాన్ని అప్పటికప్పుడు చర్చకు తేవాలంటే, అది నిజంగా అర్జెంట్ అని చైర్మన్ ఒప్పుకోవాలి, కారణం మినిట్స్‌లో రాయాలి. జనాన్ని, విలేకరులను బయటికి పంపాలంటే, ఏ కారణాలకి పంపొచ్చో 1972 నాటి లోకల్ గవర్నమెంట్ చట్టంలోనే లిస్ట్ ఉంది. మాకు ఇబ్బందిగా ఉంది అన్నది ఆ లిస్ట్‌లో లేదు.

మన క్లబ్ మీటింగులకి మినిట్స్ రాసేది నేనే కాబట్టి ఇందులో కష్టం కొంచెం తెలుసు. ఎవరు ఎంతసేపు మాట్లాడారో కాదు, చివరికి ఏం డిసైడ్ చేశామో రాయాలి. మనకి అందులో తేడా వస్తే సమోసాల లెక్క మారుతుంది. కౌన్సిల్‌లో తేడా వస్తే ఒకరి ఇంటి ప్లాన్‌కి ఇచ్చిన అనుమతి కోర్టుకెక్కుతుంది.

ఇప్పుడు క్వాలిఫికేషన్ సంగతి. కౌన్సిల్ డబ్బు లెక్కలు చూసే ప్రధాన అధికారి అర్హత ఉన్న అకౌంటెంట్ అయి ఉండాలని అక్కడ 1988 నాటి చట్టం చెప్తుంది. కానీ మీటింగులు నడిపించే డెమొక్రటిక్ సర్వీసెస్ వాళ్లకి ఫలానా సర్టిఫికెట్ ఉండాలని ఏ చట్టమూ అడగదు. డబ్బు తేడా వస్తే ఆడిట్‌లో దొరుకుతుంది. మీటింగ్ తప్పుగా జరిగితే ఎవరో ఒకరు అడిగేదాకా తెలియదు. అందుకే ఈ ఉద్యోగులు తమ సంఘం ద్వారా తామే సర్టిఫికెట్, డిప్లొమా కోర్సులు పెట్టుకున్నారు.

పారిష్ క్లర్కులకి సిల్కా అనే సర్టిఫికెట్ ఉంది. స్థానిక కౌన్సిల్ పరిపాలనలో అర్హత అన్నమాట. నాకు నచ్చిందేంటంటే, ఇందులో మూడు గంటలు కూర్చుని బబుల్స్ నింపే పని లేదు. పోర్ట్‌ఫోలియో ఇవ్వాలి. మీ కౌన్సిల్‌కి మీరు తయారుచేసిన ఎజెండా, మినిట్స్, బడ్జెట్ కాగితాలు చూపించి, ఏది ఏ చట్టం ప్రకారం చేశారో వివరించాలి. మన భాషలో చెప్పాలంటే, కోడింగ్ టెస్ట్ స్కోర్ కాదు, గిట్‌హబ్ చూపించమన్నట్టు.

అసలు విశేషం ఇంకోటి. మామూలుగా పారిష్ కౌన్సిల్ ప్రతి ఖర్చుకీ చట్టంలో ఒక అధికారాన్ని వెతుక్కోవాలి. పార్కు బెంచీకి ఒక సెక్షన్, ఊరి గడియారానికి ఇంకో సెక్షన్. 2011లో వచ్చిన లోకలిజం చట్టం ఒక సాధారణ అధికారం తెచ్చింది: మామూలు వ్యక్తి చట్టప్రకారం ఏం చేయగలడో, వేరే చట్టం అడ్డు చెప్పనంతవరకు, కౌన్సిల్ కూడా అది చేయొచ్చు. కానీ పారిష్ కౌన్సిల్‌కి అది ఊరికే రాదు. 2012 ఉత్తర్వు ప్రకారం సభ్యుల్లో కనీసం మూడింట రెండు వంతుల మంది ఎన్నికైనవాళ్లు అయి ఉండాలి, క్లర్క్‌కి సిల్కా లాంటి అర్హత ఉండాలి. మళ్లీ ఎన్నికలయ్యాక వచ్చే వార్షిక సమావేశంలో ఈ షరతులు సరిపోతున్నాయని ఇంకోసారి చూపించుకోవాలి.

ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. ఓటు లేని ఒక ఉద్యోగి చదువుకున్నదాన్ని బట్టి ఒక ఊరి ప్రజాస్వామ్యానికి ఉన్న అధికారం మారుతోంది. సర్టిఫికెట్ అంటే ప్యాకేజీ పెంచుకోవడానికి, లింక్డ్‌ఇన్‌లో పెట్టుకోవడానికి అని విని విని ఉన్న నాకు ఇది కొత్తగా అనిపించింది. ఇక్కడ ఒక మనిషి సర్టిఫికెట్ ఊరందరి చేతికి పనికొస్తోంది.

మన దగ్గర ఈ పని పంచాయతీ కార్యదర్శిది. ఎజెండా, తీర్మానాల పుస్తకం, గ్రామసభ అన్నీ ఆ టేబుల్ మీదకే వస్తాయి. తెలంగాణలో 2018లో 9,355 జూనియర్ పంచాయతీ కార్యదర్శి పోస్టులకి నోటిఫికేషన్ వచ్చింది. ఏదైనా డిగ్రీ, రాతపరీక్ష, ర్యాంకు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబర్ 2న గ్రామ సచివాలయాలు మొదలైనప్పుడు డిజిటల్ అసిస్టెంట్ అనే పోస్టు వచ్చింది. అప్పుడు దాని పూర్తి పేరులో పంచాయతీ కార్యదర్శి గ్రేడ్ 6 అని ఉంది. అర్హతల్లో మన సీఎస్ఈ బీటెక్ కూడా ఉంది. అంటే ఇది ఎవరో ఇంగ్లండ్ వాళ్ల గొడవ కాదు, రేపు మనలో ఒకరు కూర్చోబోయే కుర్చీ.

ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు ర్యాంకు ఎంతని ఎవరూ అడగరు. సర్పంచ్ గారు పెద్దవారు, ఊరంతా ఆయన మాట వింటుంది. ఆయన ఒక కాగితం ముందుకు తోసి, "దీన్ని నిన్నటి మీటింగ్‌లో పాస్ అయినట్టు రాసెయ్ బాబూ" అన్నారనుకోండి. ఇరవై నాలుగేళ్ల కుర్రాడు "కుదరదండీ" అనాలంటే ధైర్యం ఒక్కటే చాలదు. ఎందుకు కుదరదో ఏ రూల్ చెప్తుందో తెలియాలి. తెలిస్తే అది గొడవలా కాకుండా సలహాలా వినిపిస్తుంది. ఆయనకీ రేపు కేసు తప్పుతుంది.

ఉద్యోగంలో చేరాక మన దగ్గరా ట్రైనింగ్ ఇస్తారు. ఆ పైన, సొంత ఊరి తీర్మానాలు, గ్రామసభ రికార్డులు చూపించి సంపాదించుకునే అర్హత ఒకటి ఉంటే బాగుంటుందని నా అభిప్రాయం. అదొచ్చేలోపు మనం చేయగలిగింది చిన్నదే. ఈసారి సెలవులకి ఊరెళ్లినప్పుడు గ్రామసభ ఉంటే ఓ గంట వెళ్లి కూర్చోండి. సర్పంచ్ గారిని ఎలాగూ అందరూ చూస్తారు. మీరు పక్కన కూర్చుని రాస్తున్న మనిషిని చూడండి.